తుంటి మార్చాక నడుం నొప్పి: ‘కటక్’ అనిపిస్తే పోతుందా?

ప్రశ్న: నా వయసు 64. మాది ఒంగోలు దగ్గర పల్లె, ఇప్పుడు బెంగళూరు మారతహళ్లిలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. అయిదు నెలల కిందట కుడి తుంటి కీలు మార్చారు. తుంటి నొప్పి పోయింది కానీ నడుం కింది భాగంలో కొత్తగా నొప్పి మొదలైంది. వంటింట్లో కాసేపు నిలబడితే చాలు పట్టేస్తోంది. కుడి కాలు కొంచెం పొడుగైనట్టు కూడా అనిపిస్తోంది. సర్జన్ గారికి చూపిస్తే ఎక్స్‌రే బాగుంది, టైమ్ పడుతుంది అని పంపించేశారు. మా అబ్బాయి ఫోన్లో వీడియోలు చూసి దగ్గర్లోని ఒక కైరోప్రాక్టర్ (వెన్నునీ కీళ్లనీ చేత్తో నొక్కి, కుదిపి సరిచేస్తామనేవాళ్లు) దగ్గర పన్నెండు సిట్టింగ్‌ల ప్యాకేజీ మాట్లాడుకొచ్చాడు. నాకేమో భయంగా ఉంది. వెళ్లొచ్చా?

జవాబు: అమ్మా, ప్యాకేజీకి డబ్బులు ఇంకా కట్టకపోతే కట్టొద్దు. కట్టేసి ఉంటే మొదటి సిట్టింగ్‌కి వెళ్లేలోపు ఇది చదవండి, మీ అబ్బాయి చేత కూడా చదివించండి. నేను బెంగళూరులోనే ఫిజియోథెరపీ చేస్తుంటాను కాబట్టి కైరోప్రాక్టర్ల విషయంలో నా మాటలో కాస్త పక్షపాతం ఉంటుందేమో, ఆ మేరకు మీరే తగ్గించి లెక్కేసుకోండి. వాళ్లు చేసేదంతా మోసం అని నేను అనను. కానీ నడుముకి వాళ్లు మామూలుగా చేసే ఒక పని మీ తుంటికి పనికిరాదు, అదేంటో తెలిస్తే వెళ్లాలా వద్దా అన్నది మీరే తేల్చుకోగలరు.

ఆ పని ఇది. మిమ్మల్ని ఒక పక్కకి తిప్పి పడుకోబెడతారు. పైన ఉన్న కాలిని మడిచి పొట్ట వైపుకి జరుపుతారు, ఆ మోకాలు బల్ల అంచు దాటి కిందికి వాలుతుంది. ఒక చేత్తో భుజాన్ని వెనక్కి నొక్కి పట్టుకుని, రెండో చేత్తో, తన ఒంటి బరువు కూడా వేసి, నడుముని ముందుకి ఒక్క కుదుపుతో తిప్పుతారు. కటక్ మంటుంది. మీ అబ్బాయి వీడియోల్లో చూసింది చాలావరకు ఇదే అయ్యుంటుంది. ఇప్పుడు ఆపరేషన్ అయ్యాక వార్డులో మీకు చెప్పిన జాగ్రత్తలు గుర్తు తెచ్చుకోండి: తుంటిని 90 డిగ్రీలు దాటి మడవొద్దు, కాలు మీద కాలు వెయ్యొద్దు, పాదం లోపలికి తిప్పొద్దు. ఆ మూడూ ఒకేసారి, అదీ వేరే మనిషి బలంతో, మీరు ఆపే వీల్లేకుండా జరిగేది ఆ బల్ల మీదే. కుడి కాలు పైకి ఉండేలా పడుకోబెట్టి ఈ కుదుపు ఇస్తే, తొడ ఎముక చివర పెట్టిన కొత్త బాల్ దాని కప్పులోంచి వెనక్కి జారడానికి కావలసిన భంగిమ సరిగ్గా కుదిరినట్టే. పోనీ ఎడమ కాలు పైకి పెట్టి చేస్తామంటారా, అప్పుడు ఆపరేషన్ అయిన తుంటి కింద నొక్కుకుని ఉండగా దాని మీద కటిభాగం (నడుం కింద తుంటి కీళ్లుండే ఎముకల చట్రం) మెలి తిరుగుతుంది. అదీ వద్దు.

ఇక్కడ ఒక చిన్న తిరకాసు ఉంది. నేను చెప్పిన మూడు జాగ్రత్తలు వెనక వైపు నుంచి కోసి కీలు మార్చిన వాళ్లకి, అంటే పోస్టీరియర్ అప్రోచ్‌కి. ముందు వైపు నుంచి చేసి ఉంటే, అంటే యాంటీరియర్ అప్రోచ్ అయితే, ప్రమాదం దాదాపు తలకిందులు: కాలు బాగా వెనక్కి సాగడం, పాదం బయటికి తిరగడం కలిసి జరగకూడదు. బోర్లా పడుకోబెట్టి కాలు పైకి ఎత్తే పద్ధతులు అప్పుడు అనుమానించాలి. మీకు ఏ వైపు నుంచి చేశారో డిశ్చార్జ్ సమ్మరీలో రాసి ఉంటుంది. ఫైలు తీసి చూడండి, అందులో లేకపోతే సర్జన్ గారి క్లినిక్‌కి ఫోన్ చేస్తే చెప్తారు. ఇది తెలియకుండా మీ కాలు మీద ఎవరి చెయ్యీ పడకూడదు, నా చెయ్యి అయినా సరే.

కీలు జారే ప్రమాదం మొదటి మూడు నెలల్లో ఎక్కువ, తర్వాత బాగా తగ్గుతుంది, కానీ సున్నా అవ్వదు. వెన్నెముకకి ముందే ఫ్యూజన్ ఆపరేషన్ (పూసల్ని కలిపి బిగించేది) అయి రాడ్లు, స్క్రూలు వేసి ఉన్నవాళ్లకి, వయసుతో నడుం బిగుసుకుపోయిన వాళ్లకి ఇంకొంచెం ఎక్కువ, ఎందుకంటే కూర్చున్నప్పుడు కటి వెనక్కి వాలి తుంటికి చోటివ్వాలి, నడుం కదలకపోతే ఆ భారమంతా తుంటి మీదే పడుతుంది.

సరే, అసలు తుంటి బాగుపడ్డాక నడుం ఎందుకు మొదలుపెట్టింది? ఈ రెండింటి చుట్టరికం పాతదే. 1983లో ఆఫియర్‌స్కీ, మెక్‌నాబ్ అనే డాక్టర్లు దీనికి హిప్-స్పైన్ సిండ్రోమ్ అని పేరు కూడా పెట్టారు. తుంటి అరిగి నొప్పి పెడుతున్న రోజుల్లో, ఆపరేషన్‌కి ముందు మీరు ఎన్నేళ్లు కుంటారో నాకు తెలియదు, మన ఆడవాళ్లు మామూలుగా చాలా ఏళ్లే లాక్కొస్తారు, ఆ కాలమంతా తుంటి పూర్తిగా చాపుకోక ముందుకి బిగుసుకుని ఉంటుంది, దానికి సర్దుకోవడానికి నడుం లోపలికి వంగి నిలబడటం నేర్చుకుంటుంది. ఇప్పుడు తుంటి ఒక్క పూటలో కొత్తదైంది. నడుముకి ఆ సంగతి ఇంకా తెలియదు. పైగా పిరుదు పక్కన ఉండే కండరాలు, గ్లూటియస్ మీడియస్ అంటాం, ఆపరేషన్‌కి ముందే బలహీనపడి ఉంటాయి. అవి తేరుకోవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. అవి పట్టి నిలపకపోతే కుడి కాలి మీద బరువు వేసిన ప్రతిసారీ కటి ఎడమకి కావడిలా ఒరుగుతుంది, దాన్ని నిలబెట్టడానికి నడుం కండరాలు అడుగడుగునా పనిచేస్తాయి. సాయంత్రానికి పట్టెయ్యక ఏం చేస్తాయి? మంచి సంగతి ఏంటంటే, తుంటి మార్చాక పాత నడుం నొప్పి కూడా తగ్గేవాళ్లు చాలామందే ఉన్నారు. మీలాగా కొత్తగా వచ్చినవాళ్లలో కూడా ఎక్కువమందికి బలం వచ్చేకొద్దీ తగ్గుతుంది. సర్జన్ గారు టైమ్ పడుతుంది అన్నది తప్పేం కాదు, ఆ టైములో ఏం చెయ్యాలో కూడా చెప్పి పంపిస్తే బాగుండేది.

కాలు పొడుగు సంగతి. ఇది రెండు రకాలు. నిజంగానే ఎముక, ఇంప్లాంట్ (లోపల పెట్టిన కృత్రిమ కీలు) కలిపి కొన్ని మిల్లీమీటర్లు పెరిగి ఉండొచ్చు. లేదా కొలత సమానంగానే ఉండి, ఏళ్ల తరబడి బిగుసుకున్న కండరాల వల్ల కటి ఒక పక్కకి ఒరిగి పొడుగైనట్టు అనిపించొచ్చు. రెండో రకమే ఎక్కువ, అది నెలల్లో సర్దుకుంటుంది. నిజమైన తేడా ఉన్నా సెంటీమీటరు లోపు అయితే చాలామంది శరీరాలు అలవాటు పడిపోతాయి. ఏ రకమో తేలాలంటే నిలబెట్టి తీసే పొడవాటి ఎక్స్‌రే, దాంతో పాటు పాదం కింద పలచని చెక్కలు పెట్టి కటి ఎప్పుడు సమానమవుతుందో చూసే పరీక్ష. ఈలోపు చెప్పులషాపులో అడిగి ఎడమ చెప్పుకి మందం వేయించుకోవద్దు. తొందరపడి ఎత్తు వేస్తే, సర్దుకోబోతున్న కటి ఆ ఒరిగిన చోటే ఉండిపోతుంది.

ఇది ఇంత వివరంగా ఎందుకు చెప్తున్నానంటే, కైరోప్రాక్టర్ దగ్గర మొదటి రోజు దాదాపు తప్పకుండా జరిగేది కాళ్ల కొలత. పడుకోబెట్టి రెండు మడమలూ పక్కపక్కన పెట్టి, చూడండి మీ కాలు ఇంత తేడా ఉంది అంటారు. నడుం మీద ఒక కుదుపు ఇచ్చి మళ్లీ పెట్టి, ఇప్పుడు సమానమైంది చూడండి అంటారు. ఇంట్లోవాళ్లు ఫోటో తీసుకుంటారు. అమ్మా, మీ కాలి పొడుగు సర్జన్ వేసిన ఇంప్లాంట్‌తో నిర్ణయమైపోయింది, కుదుపుతో అది మారదు. బల్ల మీద కనిపించే తేడా కటి ఎలా ఆనింది, కాలు ఎలా పట్టుకున్నారు అన్నదాన్ని బట్టి మారిపోతూ ఉంటుంది. ఇంకా ముఖ్యంగా, సమానం చేస్తామని కాలు పట్టుకుని కిందికి లాగే పని ఒకటుంది, దానికి మాత్రం అస్సలు ఒప్పుకోవద్దు.

ఆ కటక్ చప్పుడు కూడా ఎముక తన చోటికి వచ్చిన చప్పుడు కాదు. కీలు లోపలి ద్రవంలో ఒక్కసారిగా ఒత్తిడి తగ్గి గ్యాస్ బుడగ ఏర్పడితే వచ్చే శబ్దం, వేళ్లు విరుచుకుంటే వచ్చేదీ అదే. వీడియోల్లో మైకు దగ్గర పెడతారు కాబట్టి ఏదో గొప్ప పని జరిగినట్టు వినిపిస్తుంది.

అలాగని వెన్నుకి చేత్తో చేసే వైద్యం మొత్తం పనికిరాదా అంటే, కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుం నొప్పికి మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో వ్యాయామంతో పాటు స్పైనల్ మానిప్యులేషన్ (వెన్నుకి చేత్తో కుదుపు ఇవ్వడం), మసాజ్ కూడా వాడదగినవాటిలోనే ఉన్నాయి. అదే పత్రం నడుం బెల్టులు, ట్రాక్షన్ (నడుముని లాగి పట్టడం) మామూలుగా వాడొద్దని చెప్పింది, మన మెడికల్ షాపుల్లో బెల్టు అమ్మని రోజు లేదు, అది వేరే కథ. కానీ ఆ సలహా ఏ ప్రత్యేక కారణమూ కనిపించని నడుం నొప్పికి ఇచ్చింది. తుంటి మార్చినవాళ్లకి కైరోప్రాక్టిక్ గురించి ఉన్నవి ఎక్కువగా ఒక్కో పేషెంటు గురించి రాసిన కేస్ రిపోర్టులే, వాటిని పట్టుకుని ఇది మీకు పనిచేస్తుందని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. ఇక చదువు సంగతి చూస్తే, అమెరికాలో కైరోప్రాక్టర్ కావాలంటే ఏళ్ల తరబడి డిగ్రీ చదివి రాష్ట్రం ఇచ్చే లైసెన్సు తీసుకోవాలి. మన దగ్గర డాక్టర్లకున్నట్టు వాళ్లకి ప్రత్యేక కౌన్సిల్ లేదు. విదేశాల్లో పూర్తి డిగ్రీ చేసొచ్చిన వాళ్లూ, నాలుగు రోజుల వర్క్‌షాప్ సర్టిఫికెట్ గోడకి తగిలించుకున్న వాళ్లూ ఒకే బోర్డు పెట్టుకోవచ్చు. అందుకే ఎక్కడ చదివారు, ఎన్నేళ్లు అని మొహమాటం లేకుండా అడగాలి.

మీరు వెళ్లాలనే అనుకుంటే ముందు సర్జన్ గారికి ఒక్క ప్రశ్న వేసి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి: నడుముకి చేత్తో వైద్యం చేయించుకోవచ్చా, ఏ కదలికలు వద్దు? ఆ కాగితం, ఎక్స్‌రే, డిశ్చార్జ్ సమ్మరీ మూడూ పట్టుకెళ్లండి. వాటిని చూడకుండానే బల్ల ఎక్కమంటే లేచి వచ్చేయండి. చూశాక, పక్కకి తిప్పి మెలిపెట్టడం వద్దు, ఇంకేం చెయ్యగలరు అని అడగండి. బాగా చదువుకున్న మనిషైతే దానికి జవాబు దొరుకుతుంది: కుదుపు లేకుండా మెల్లగా కదిలించే మొబిలైజేషన్, భాగాలు కొద్దిగా కిందికి పడే డ్రాప్ టేబుల్, యాక్టివేటర్ అనే చిన్న స్ప్రింగు పరికరం, పిరుదు కండరాల మీద చేత్తో ఒత్తిడి, వీటిలో దేనికీ తుంటిని మడవక్కర్లేదు. ‘ఏం కాదమ్మా, మేం రోజూ చేస్తాం’ అన్నారంటే అది జవాబు కాదు. పన్నెండు సిట్టింగ్‌లకి ఒకేసారి కట్టడం మానేసి విడివిడిగా ఇవ్వండి, నాలుగైదుసార్లకి నిలబడే టైమ్ పెరగకపోతే ఆపేయండి. నొప్పి పడుకున్నప్పుడు తగ్గిందా అని చూసుకోవద్దు, వంటింట్లో ఎన్ని నిమిషాలు నిలబడగలుగుతున్నారు అన్నది చూసుకోండి.

ఇంకో సంగతి మర్చిపోకుండా చెప్పాలి. 64 ఏళ్లు అంటున్నారు, డెక్సా స్కాన్ (ఎముకల గట్టిదనం కొలిచే పరీక్ష) ఎప్పుడైనా చేశారా? అందులో టి-స్కోరు మైనస్ 2.5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే ఎముకలు గుల్లబారినట్టు లెక్క, అలాంటి వెన్నుకి కుదుపు ఇస్తే పూస నలిగిపోవచ్చు. స్టెరాయిడ్లు ఎక్కువ కాలం వాడి ఉన్నా, గుండెకో దేనికో రక్తం పలచబడే మందులు వాడుతున్నా అది కూడా ముందే చెప్పండి.

నన్నడిగితే ఆ డబ్బు మంచి ఫిజియో దగ్గర పెట్టండి, ఇదిగో నా పక్షపాతం. కానీ దీన్లో ఖర్చు లేని భాగమే ఎక్కువ. గట్టి మంచం మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులు పైకి లేపడం. వంటగట్టు పట్టుకుని నిటారుగా నిలబడి కుడి కాలు పక్కకి తియ్యడం, తర్వాత ఎడమ కాలు. ఎత్తయిన కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి నిలబడటం, మెల్లగా కూర్చోవడం. వంటగట్టు పొడవునా పక్కకి అడుగులు వేస్తూ నడవడం. ఒక్కొక్కటి పదిసార్లు, పొద్దున, సాయంత్రం. వెనక నుంచి చేసిన ఆపరేషన్ అయితే రోజుకి పది నిమిషాలు బోర్లా పడుకోవడం కూడా చాలా మేలు చేస్తుంది, ముందుకి బిగుసుకున్న తుంటి అలాగే సాగుతుంది. ముందు నుంచి చేసినదైతే సర్జన్ని అడిగాకే. మొదటి రెండు వారాలు ఏమీ తేడా తెలియదు, అక్కడే చాలామంది వదిలేస్తారు. ఆరు నుంచి పన్నెండు వారాలు పట్టుకుంటే కండరం మాట వింటుంది.

చేతికర్ర ఇంకా వాడుతున్నారా? ఏ చేత్తో పట్టుకుంటున్నారు? కుడి తుంటి ఆపరేషన్ అయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. ఇది వింటే చాలామంది ఆశ్చర్యపోతారు, నొప్పున్న వైపే ఆసరా ఉండాలనుకుంటారు. తప్పు చేత్తో పట్టుకుంటే కుడివైపుకి ఒంగి నడుస్తారు, నడుం నొప్పికి అదొక్కటే చాలు. కర్ర మానేశాక కుంటుతున్నారా అన్నది మీ కోడలినో అబ్బాయినో వెనక నుంచి వీడియో తియ్యమనండి, కుంటుతుంటే ఇంకొన్ని వారాలు కర్ర తీసుకోండి, సిగ్గేం లేదు. మారతహళ్లి ఫుట్‌పాత్‌ల సంగతి మీకు తెలిసిందే, నడక అపార్ట్‌మెంట్ లోపలే, చదునైన చోట చెయ్యండి. వంటింట్లో నిలబడినప్పుడు జానెడు ఎత్తు కూడా లేని చిన్న పీట మీద ఒకసారి ఒక పాదం, ఇంకోసారి ఇంకో పాదం పెట్టి చూడండి, చాలామందికి వెంటనే హాయిగా ఉంటుంది. కూరగాయలు తరగడం ఎత్తు కుర్చీలో కూర్చుని చేసుకోండి. లోతైన సోఫాలో కూలబడటం, కింద కూర్చుని వ్రతం చెయ్యడం ఇప్పట్లో వద్దు, కుర్చీలో కూర్చుని చేసినా దేవుడు ఏమీ అనుకోడు. క్యాబ్ ఎక్కేటప్పుడు ముందు వెనక్కి తిరిగి కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పండి, సీటు కిందికి ఉంటే ఒక దిండు వేసుకోండి. వేడినీళ్ల కాపడం, నడుం మీద తేలిగ్గా నూనె మర్దన, రెండూ నిక్షేపంగా చేసుకోవచ్చు. ఎవరో ఒకరు పుత్తూరు కట్టు వేయించుకోమని కూడా అంటారు, చూస్తూ ఉండండి. విరిగిన చేతులకి దానికి ఎంత పేరున్నా, లోపల ఇంప్లాంట్ ఉన్న తుంటిని సవరించే పని వాళ్లకి అప్పజెప్పొద్దు.

ఒకటి గమనించి నాకు రాయలేదు మీరు: నొప్పి సరిగ్గా ఎక్కడ? బెల్టు పెట్టుకునే చోట, వెన్నుకి అటూ ఇటూ అయితే ఇప్పటిదాకా చెప్పినదే. బరువు వేసిన మొదటి అడుగులో గజ్జల్లో గానీ తొడ ముందు గానీ నొప్పి వస్తుంటే అది నడుం కాకపోవచ్చు, కొత్త కీలుని సర్జన్ మళ్లీ చూడాలి. నడిచేకొద్దీ పిరుదు నుంచి పిక్క దాకా లాగుతూ, తిమ్మిరెక్కుతూ, కూర్చుంటే గానీ ముందుకి వంగితే గానీ తగ్గుతుంటే వెన్నులో నరాల దారి ఇరుకైందేమో చూడాలి, దానికి ఎంఆర్ఐ అవసరం పడొచ్చు, ఇంప్లాంట్ ఉంది అని ముందే చెప్తే ఈ రోజుల్లో చాలావరకు చేస్తారు. సర్జన్ గారు మళ్లీ ఎక్స్‌రే బాగుంది అని ఊరుకుంటే సెకండ్ ఒపీనియన్‌కి వెళ్లండి. ప్రభుత్వ వైపు కావాలంటే జయనగర్‌లో సంజయ్ గాంధీ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ట్రామా అండ్ ఆర్థోపెడిక్స్ ఉంది.

కొన్నింటికి మాత్రం ఎవరి సలహా కోసమూ ఆగొద్దు. జ్వరంతో పాటు తుంటి నొప్పి, కుట్లు వేసిన చోట ఎరుపు లేదా చీము, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి, ఒక పిక్క వాచి నొప్పెట్టడం, పాదం పైకి లేవకపోవడం, ఇవి కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కూర్చునే చోట స్పర్శ తెలియకపోవడం, మూత్రం రాకపోవడం లేదా తెలియకుండా పోవడం అయితే ఆ గంటలోనే. ఎప్పుడైనా టక్కున తుంటి జారినట్టై, కాలు పొట్టిగా అయ్యి ఒక పక్కకి తిరిగిపోయి, అడుగు వెయ్యలేకపోతే కదలకుండా పడుకుని అంబులెన్స్ పిలిపించండి. ఎవరినీ లాగనివ్వొద్దు. మత్తిచ్చి సరిచేస్తారు కాబట్టి అక్కడికి చేరేదాకా ఏమీ తినొద్దు, తాగొద్దు.

మీ అబ్బాయి మీద కోప్పడకండి, అమ్మ బాధ చూడలేక తిరిగాడు. పని చెప్పండి: డిశ్చార్జ్ సమ్మరీ వెతకడం, మీ నడక వీడియో తియ్యడం, ప్యాకేజీ డబ్బు కట్టేసి ఉంటే వెనక్కి అడగడం. ఏ అప్రోచ్ అని రాసి ఉందో, నొప్పి సరిగ్గా ఎక్కడో తెలిశాక మళ్లీ రాయండి, వ్యాయామాల్లో ఏమైనా మార్చాలంటే అప్పుడు చెప్తాను.